జనాజాకి వందమంది, మంచానికి ఒక్కతె

మా గల్లీలో ఒక ముసలామె పోయింది. జొహర్ నమాజ్ తర్వాత మయ్యత్ లేచింది. చూస్తుండగానే గల్లీ నిండా టోపీలు. ఆటో నడుపుకునే పిల్లగాడు ఆటో పక్కకి ఆపి దిగాడు. దర్జీ తన దుకాణం షట్టరు సగం దించి వచ్చాడు. ఆమె పేరు కూడా తెలియనివాళ్ళు డోలాకి కాంధా ఇచ్చారు. భుజం మారుతూ భుజం మారుతూ డోలా నేలకి ఆనకుండా కబ్రస్తాన్ చేరింది. బాగుంది. మా కౌమ్‌లో ఈ ఒక్క విషయం మాకు ఎప్పుడూ గర్వంగానే వుంటుంది. చచ్చిన మనిషి ఒంటరిగా పోడు.

ఐతే ఆమె నాలుగేళ్ళు మంచాన వుంది. ఆ నాలుగేళ్ళూ ఆ ఒంటిని లేపిందీ, తిప్పిందీ, కడిగిందీ ఒకే ఒక్క మనిషి - చిన్నకోడలు. డోలా కదిలిపోతుంటే ఆమె దర్వాజా పరదా వెనకాల నిలబడి చూసింది. ఆమెని ఎవరూ ఏమీ అనలేదు, ఏమీ అడగలేదు. ఒక పెద్దమనిషి మాత్రం ఆమె భర్త రెండు చేతులూ పట్టుకుని అన్నాడు - "అమ్మీకి చాలా ఖిద్మత్ చేశావు బేటా. అల్లా నీకు జన్నత్ ఇస్తాడు."

ఆ బేటా ఆ నాలుగేళ్ళలో మూడేళ్ళు దమ్మామ్‌లో వున్నాడు!

మేం ఆ మాట దగ్గర్నుంచే మొదలుపెడుతున్నాం. ఖిద్మత్ చేసిందెవరు? జన్నత్ ఎవరికి?

మేమెవరం? లెక్కల్లో లేనివాళ్ళం. సర్వే వాళ్ళొచ్చి "ఏం పని చేస్తదమ్మా ఈమె?" అంటే, పక్కనున్న మగమనిషి "ఏం చెయ్యదు సార్, ఇంట్లనే వుంటది" అని చెప్తే, ఆ ముక్కే రాసుకుపోతారు. పక్షవాతం వచ్చిన మామకి, మతి తప్పిన అత్తకి, పుట్టుకతోనే కాళ్ళు రాని కొడుక్కి, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తిరిగే మొగుడికి, క్యాన్సరొచ్చిన ఆపాకి - మేం జీతం లేని నర్సులం, ఆయాలం, వార్డుబాయిలం. పాతబస్తీలో ఐతే దాదీమా అంటాం. కర్నూలు దిక్కు దూదేకుల ఇంట్లో జేజి అంటాం. పిలుపు మారుతుంది. మంచం అదే.

ఈ పని ఏమిటో తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి ఒత్తిగిలించకపోతే నడుము కింద పుండు పడుతుంది. వదిలేస్తే ఆ పుండు ఎముక దాకా పోతుంది. ముక్కులోంచి వేసిన గొట్టంలో పాలు పోసేటప్పుడు తల ఎత్తి పెట్టకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మూత్రం సంచి ఎప్పుడూ ఒంటి కంటే కిందికే వేలాడాలి. ఇన్సులిన్ సూది రోజూ ఒకే చోట గుచ్చకూడదు. నర్సులు ఏళ్ళ తరబడి చదివి నేర్చుకునే సంగతులు ఇవి. మాకు డిశ్చార్జి రోజున చీటీ చేతిలో పెట్టి రెండు నిమిషాల్లో చెప్తారు. అది కూడా మాకు కాదు, మా మరిదికి! మగమనిషితో చెప్తేనే చెప్పినట్టు. అతను బస్సెక్కి వెళ్ళిపోతాడు. మేం ఆ గొట్టంతో, ఆ సంచితో, ఆ సూదితో మిగులుతాం.

సెక్యులర్ మిత్రులారా! మీతో ఒక మాట.

మీరు మమ్మల్ని చూడగానే అడిగే మొదటి ప్రశ్న బురఖా. రెండోది తలాక్. 2017లో సుప్రీంకోర్టు మూడు తలాక్‌ల పద్ధతిని కొట్టేసినప్పుడు, 2019లో దాని మీద చట్టం వచ్చినప్పుడు టీవీల వాళ్ళు మైకులు పట్టుకుని మా గల్లీల్లోకి వచ్చారు. ముస్లిం స్త్రీ విముక్తి గురించి మాట్లాడని పార్టీ లేకపోయింది. ఆ మైకు పట్టుకున్న వాళ్ళలో ఒక్కరైనా "మీ ఇంట్లో మంచాన పడ్డవాళ్ళున్నారా? రాత్రిళ్ళు నిద్రపోతున్నారా?" అని అడిగారా? మమ్మల్ని ఇంట్లో కట్టేసింది నల్లగుడ్డ ఒక్కటే అని మీరు నమ్మారు. బురఖా వేసుకుని కాలేజీకి పోయినవాళ్ళున్నారు, ఆఫీసుకి పోయినవాళ్ళున్నారు. మంచాన వున్న మనిషిని ఒంటరిగా వదిలి పోయినవాళ్ళు మాలో లేరు. మా కాలి సంకెలని మీరు గుడ్డలో వెతుకుతున్నారు. అది మంచం కోడుకి కట్టి వుంది.

మీ ఇళ్ళల్లో కూడా మంచాలున్నాయని మాకు తెలుసు. మీ అక్కలూ వదినెలూ మాలాగే నడుములు విరగ్గొట్టుకుంటున్నారని తెలుసు. ఐతే మీ ఇంట్లో ఆడది ఇంటికే పరిమితమైతే దానికి పేరు 'కుటుంబ సమస్య'. మా ఇంట్లో ఐతే దాని పేరు 'మతం'. ఇదీ తేడా!

ఇంకో తేడా కూడా వుంది. సర్కారు కొలువున్న ఇంట్లో రోగం వస్తే సెలవు వుంటుంది, మందుల బిల్లు తిరిగొస్తుంది, రేపటికి పింఛను వుంటుంది. సర్కారు కొలువుల్లో ముస్లింల వాటా ఎంత తక్కువో 2006లో సచార్ కమిటీ నివేదిక దేశానికంతా చెప్పింది. పనిచేసే ముస్లిం స్త్రీలలో ఇంటి పట్టున కూచుని చేసేవాళ్ళే ఎక్కువని కూడా ఆ నివేదికే చెప్పింది. ఎందుకు ఇంటి పట్టున? మీరు పరదా అంటారు. మేం చెప్తాం వినండి. నిజామాబాద్‌లో, జగిత్యాలలో మా వాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చేస్తారు. పాతబస్తీలో కార్చోబ్ కుడతారు, లక్క గాజులకి రాళ్ళు అతుకుతారు. ఈ పనులన్నిటికీ ఒక సౌకర్యం వుంది - మధ్యలో లేవొచ్చు. "పానీ" అని లోపల్నుంచి కేక వస్తే చాట పక్కన పెట్టి లేవొచ్చు. ఎంతసేపు లేచి వుంటే అన్ని బీడీలు తగ్గుతాయి. వెయ్యి బీడీల లెక్కన కూలి కనక ఆ కోత మా కూలిలోనే పడుతుంది. కార్ఖానా యజమానికి నష్టం లేదు. రోగికి నష్టం లేదు. మధ్యలో మేం వున్నాం కదా!

డబ్బున్నవాళ్ళ ఇంట్లో ముసలాయనకి పన్నెండు గంటల డ్యూటీ ఆయాగా పోయేదెవరు? మాలో ఒకతె, లేకపోతే దళితవాడ అక్క. అక్కడ మలం ఎత్తితే నెల తిరిగేసరికి జీతం. ఇంటికొచ్చి అదే చేత్తో అదే పని చేస్తే సవాబు. ఒకే పని. గడప మారేసరికి జీతం సవాబైపోతుంది!

దేశం లెక్కల్ని కూడా చూద్దాం. 2019లో కేంద్ర ప్రభుత్వం జనం రోజంతా ఏ పనికి ఎంత సమయం పెడతారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే స్త్రీ రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషుడు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. 2024లో మళ్ళీ అదే సర్వే. స్త్రీ 289, పురుషుడు 88. ఐదేళ్ళలో మాకు పది నిమిషాలు తగ్గాయి. మగవాళ్ళకీ తొమ్మిది నిమిషాలు తగ్గాయి! ఇంట్లోవాళ్ళని చూసుకునే పని 15 నుంచి 59 ఏళ్ళ స్త్రీలలో నూటికి 41 మంది చేస్తున్నారు, పురుషుల్లో 21 మంది. చేసేవాళ్ళలో కూడా స్త్రీ 140 నిమిషాలు, పురుషుడు 74. ఈ లెక్కలు వేసినవాళ్ళకి షుక్రియా. ఐతే ఒక చెవి ఎప్పుడూ పక్కగది వైపు పెట్టి పడుకునే ఆ పడుకోడాన్ని నిద్ర కింద రాస్తారా, పని కింద రాస్తారా?

ఇప్పుడు మా ఇంటివాళ్ళతో మాట్లాడాలి. ఇది కష్టం. బయటివాళ్ళని తిట్టడం తేలిక.

భాయ్ సాబ్! తల్లి పాదాల గురించి మీరు జుమా బయాన్‌లో చెప్పే మాట మాకూ కంఠోపాఠమే. వయసు మీరిన తల్లిదండ్రుల ముందు విసుగుతో 'ఉఫ్' అని కూడా అనొద్దన్న హుకుం మాకూ తెలుసు. ఐతే ఆ హుకుం ఎవరికి? కన్నబిడ్డలకి. అత్తమామల సేవ కోడలి మీద ఫర్జ్ కాదని, చేస్తే అది ఆమె మంచితనమని చెప్పే ఉలమా తక్కువేం లేరు. తల్లిదండ్రుల బాధ్యత కొడుకుదే. ఈ మసలా మీకు తెలియదా? తెలుసు. నికాహ్ నాడు మెహర్ గురించి, తలాక్ నాడు ఇద్దత్ గురించి కితాబులు తిరగేసే మీరు ఈ ఒక్క పేజీ దగ్గర ఎందుకు ఆగరు? ప్రవక్త తన చెప్పులు తనే బాగుచేసుకునేవారని, ఇంటి పనిలో చెయ్యి వేసేవారని చిన్నప్పుడు మదర్సాలో నేర్పారు. గడ్డం సున్నత్, మిస్వాక్ సున్నత్. చీపురు మాత్రం ఎందుకు సున్నత్ కాదు? అబ్బాకి స్నానం పోయించడం కొడుక్కి నామోషీ ఎట్లా అయింది? పరాయి ఇంటి ఆడపిల్ల మామ ఒళ్ళు కడగాలా? పరదా పరదా అనే మీకు అక్కడ పరదా ఎందుకు గుర్తుకురాదు?

ఇంకో మాట. మా దగ్గర ప్రతి మసీదులో డోలా వుంటుంది, గుసుల్ బల్ల వుంటుంది. మయ్యత్‌కి కావలసిన సామానంతా వుంటుంది. కఫన్‌కి డబ్బుల్లేవంటే గంటలో చందా పోగవుతుంది. బతికున్న రోగికి ఒక చక్రాల కుర్చీ, ఒక గాలి పరుపు, ఒక బెడ్‌పాన్ కావాలంటే ఎన్ని మసీదుల్లో దొరుకుతాయి? హైదరాబాద్‌లో కొన్ని మసీదుల్లో దవాఖానలు నడుస్తున్నాయి, వాళ్ళకి సలాం. మిగిలిన మసీదుల సంగతేంటి? రంజాన్‌లో జకాత్ తీస్తాం, రెండున్నర శాతం, పైసా పైసా లెక్క చూసి. చీరలు పంచుతాం, రేషన్ సంచులు పంచుతాం. రోగిని చూసుకోవడానికి బీడీల పని మానుకున్న స్త్రీకి నెలనెలా ఇంత అని ఇవ్వొచ్చని ఎవరికీ తట్టదెందుకు? వక్ఫ్ భూముల కబ్జాల మీద, 2025 వక్ఫ్ సవరణ చట్టం మీద రోడ్డెక్కాం. ఎక్కాల్సిందే. ఐతే చేతిలో మిగిలిన వక్ఫ్ ఆదాయంలో మా మంచాలకి ఎంత అని అడగడానికి కూడా ఒకరోజు రోడ్డెక్కాలి.

కేరళలో ముస్లింలు ఎక్కువగా వుండే మలప్పురం జిల్లా వుంది. అక్కడ ఊరూరా మామూలు జనం - కూలీలు, టీచర్లు, దుకాణాలవాళ్ళు - ట్రైనింగ్ తీసుకుని మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి పోతారు. పుళ్ళు కడుగుతారు, ఇంటి ఆడమనిషికి ఎట్లా చూసుకోవాలో నేర్పుతారు. ఖర్చు ఊళ్ళో చిల్లర చందాలతోనే. 1993లో కోజికోడ్‌లో మొదలైన పాలియేటివ్ పని అట్లా ఊళ్ళల్లోకి పాకింది. 2008లో కేరళ ప్రభుత్వం దాన్ని తన విధానంగా ప్రకటించింది. మలప్పురంవాళ్ళు మనకంటే పెద్ద ముసల్మానులా? కాదు. పని పంచుకున్నారు, అంతే.

సర్కారు సంగతి. 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. అందులో 'సంతానం' అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలి పేరే లేదు. బాధ్యత కాగితం మీద కొడుకుది, పని నేలమీద కోడలిది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కాస్త నయం. జీతం తీసుకోకుండా చూసుకునే ఇంటిమనిషిని కూడా సంరక్షకులుగా గుర్తించింది. ఎక్కువ సాయం అవసరమైన వికలాంగులకి సంరక్షకుల భత్యం ఇవ్వాలని 24వ సెక్షన్‌లో రాసింది. కానీ 'ఆర్థిక స్తోమతు మేరకు' అని ఒక ముక్క కలిపింది. ఆ ముక్క చాటున ఎన్ని ప్రభుత్వాలైనా దాక్కోవచ్చు. తెలంగాణలో ఆసరా వృద్ధాప్య పింఛను 2019లో 2,016 రూపాయలైంది, వికలాంగుల పింఛను 2023లో 4,016. ఆంధ్రలో 2024 జూలై నుంచి పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్ళకి నెలకి 15,000 ఇస్తున్నారు. ఇవ్వాలి, ఇంకా పెంచాలి. ఐతే అదంతా రోగి పేరు మీద. రోగి పోయిన మర్నాడు పింఛను ఆగిపోతుంది. పదేళ్ళు సేవ చేసి, పని మర్చిపోయి, వయసైపోయి మిగిలిన మనిషి పేరు ఏ రిజిస్టర్లోనూ వుండదు. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబర్‌లో పది లక్షలకి పెంచారు. ఆ పది లక్షలూ ఆస్పత్రి గేటు దాకానే. గేటు బయట మేమే ఆరోగ్యశ్రీ!

కేరళ 'ఆశ్వాసకిరణం' పేరుతో, మంచాన పడ్డవాళ్ళని చూసుకునే మనిషికే నెలకి 600 రూపాయలు పెట్టింది. 600 ఒక డబ్బా? కాదు. ఐతే అది ఆ మనిషి పేరు మీద వచ్చే డబ్బు. ఇంగ్లండ్ 1976లోనే ఇలాంటి భత్యం పెట్టింది - పెళ్ళయిన ఆడవాళ్ళకి తప్ప! వాళ్ళు ఎలాగూ ఇంట్లోనే వుంటారు కదా అని. తల్లిని చూసుకుంటున్న ఒక పెళ్ళయిన స్త్రీ యూరప్ కోర్టు దాకా పోయి కొట్లాడితే 1986లో అది మారింది. "ఎలాగూ ఇంట్లోనే వుంటారు కదా" - ఈ మాట గల్లీలోనే కాదు, పార్లమెంటుల్లో కూడా వుందన్నమాట. మన సుప్రీంకోర్టు 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం కేసులో గృహిణి పనికి విలువ కట్టాల్సిందేనని చెప్పింది. జస్టిస్ ఎన్.వి. రమణ దాని గురించి వివరంగా రాశారు. సంతోషం. ఐతే ఆ విలువ మాకు ఎప్పుడొచ్చింది? బండి కింద పడి చచ్చాక.

ఇక ఆస్పత్రి. అక్కడ రోగికి ఒక మంచం, మాకు ఆ మంచం కింద నేల. స్ట్రెచర్ తోసేది మేం. రక్తం సీసా పట్టుకుని పరిగెత్తేది మేం. మాలో ఒకామె 2020లో, కరోనా మొదట్లో, అబ్బాని తీసుకుని ఒక ఆస్పత్రికి పోయింది. తబ్లీగీ పేరుతో టీవీలు మా మొత్తం కౌమ్‌ని రోగంగా చూపిస్తున్న రోజులు. పేరు చెప్పగానే చీటీ రాసే ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. "మర్కజ్‌కి పోయొచ్చినోళ్ళెవరైనా మీ ఇంట్లో వున్నారా?" అన్నాడు. అబ్బాకి వచ్చింది పక్షవాతం. ఆ నాలుగు గంటలు ఆమె ఇప్పటికీ మర్చిపోలేదు. పక్షవాతంలో నాలుగు గంటలంటే ఏమిటో తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. రోగిని చూసుకునే ప్రతి స్త్రీ డాక్టరు ముందు చేతులు కట్టుకుంటుంది. మేం ముందు మా పేరుకి సంజాయిషీ చెప్పుకుని, తర్వాత చేతులు కట్టుకుంటాం.

మా ఆడపిల్లల మాట చెప్పకుండా ఇది పూర్తి కాదు. ఇంట్లో రోగం వస్తే ముందు ఆగేది ఎవరి చదువు? కొడుకుది కాదు. "నాలుగు రోజులు ఆగు బేటీ, నానీమా లేచాక పోదువుగానీ" అంటారు. నానీమా లేవదు. నాలుగు రోజులు పదో తరగతి పరీక్షని దాటి పోతాయి. తర్వాత ఆ పిల్లకి చదువు లేదని పెళ్ళి సంబంధం చిన్నది వస్తుంది. ఆ ఇంట్లో ఇంకో మంచం ఎదురుచూస్తుంటుంది. ముస్లిం ఆడపిల్లల డ్రాపౌట్ల మీద సెమినార్లు పెట్టేవాళ్ళు ఆ పిల్ల ఇంటికి ఒకసారి పోయి ఎన్ని మంచాలున్నాయో చూడండి.

ఒక నిజం ఒప్పుకుంటాం. సిగ్గుపడుతూనే ఒప్పుకుంటాం. రాత్రి మూడోసారి పక్కబట్టలు మార్చేటప్పుడు "యా అల్లా, ఈమెని తీసుకుపో" అని మేం అనుకున్నాం. ఎవరికీ వినపడకుండా అనుకున్నాం. మర్నాడు ఫజర్‌లో ఏడ్చి తౌబా చేసుకున్నాం. మేం చెడ్డవాళ్ళం కాదు. ఆ చెయ్యి పట్టుకుని గంజి తాగించింది మేమే. ఆమె నవ్విన రోజున ఇల్లంతా మిఠాయి పంచింది మేమే. మాకు ప్రేమ లేదనుకునేవాళ్ళు ఒక్క వారం వచ్చి చెయ్యండి. నిద్ర లేని మనిషికి ప్రేమ కూడా అలసిపోతుంది. ఆ దువా మా నోట రావడానికి మా మనసు కారణం కాదు, మాకు మార్చుకునే మనిషి లేకపోవడం కారణం. మా ముసలివాళ్ళని ఎక్కడో వదిలేస్తామని మేం అనడం లేదు. మమ్మల్ని వాళ్ళతోపాటు వదిలేశారని అంటున్నాం.

మా కవులూ రచయితలూ కూడా వినాలి. మనం బాబ్రీ గురించి రాశాం, 2002 గుజరాత్ గురించి రాశాం. 1990 డిసెంబర్‌లో హైదరాబాద్ తగలబడినప్పటి కర్ఫ్యూ గురించి రాశాం. ఆ కర్ఫ్యూ రోజుల్లో మందుబిళ్ళలు ఐపోయిన ఇంట్లో రోగి పక్కన కూచున్నదెవరో రాశామా? అమ్మీ మీద కవిత రాయని ముస్లిం కవి లేడు. అమ్మీ చేతులు, అమ్మీ దుపట్టా, అమ్మీ కన్నీళ్ళు! అమ్మీ ఒంటి మీద పుండుకి కట్టు కట్టిన చెయ్యి ఎవరిదో ఏ కవితలో వుంది? స్త్రీవాదులు వంటింటి మీద తిరగబడ్డారు, మాకు ధైర్యమొచ్చింది. వంటిల్లు దాటి పక్కగదిలోకి కూడా రండి. అస్తిత్వమంటే బయటివాడు మనల్ని ఏమంటున్నాడో అదొక్కటే కాదు. ఇంట్లో ఎవరి నడుము మీద మనం నిలబడి వున్నామో అది కూడా.

మేం అడుగుతున్నది ఇది. ఇంట్లో మగవాడు వారానికి రెండు రాత్రులు మంచం దగ్గర పడుకోవాలి. పైసలు పంపాం కదా అనొద్దు. మసీదు కమిటీ డోలా పక్కనే ఒక చక్రాల కుర్చీ, ఒక గాలి పరుపు పెట్టాలి, మహల్లాలో మంచాన పడ్డవాళ్ళ పేర్లతోపాటు చూసుకునేవాళ్ళ పేర్లు కూడా రాసిపెట్టాలి. జకాత్‌లో, వక్ఫ్‌లో మా వాటా తేల్చాలి. ప్రభుత్వాలు 2016 చట్టంలో రాసిన భత్యాన్ని చూసుకునే మనిషి ఖాతాలో వెయ్యాలి. రోగి పోయాక కూడా కొన్నాళ్ళు ఆపకూడదు. డిశ్చార్జి నాడు ఆ రెండు నిమిషాలు కాదు, రెండు రోజులు మాకు నేర్పాలి - మాకే, మా భాషలో. ఆశా వర్కరు బాలింత ఇంటికి వచ్చినట్టు మా ఇంటికీ ఒక మనిషి రావాలి. ఆ వచ్చే మనిషికి సరైన జీతం ఇవ్వాలి. మా పని తగ్గించడానికి ఇంకో పేద స్త్రీని ముంచొద్దు.

రేపు మా డోలా కూడా లేస్తుంది. అప్పుడూ వందమంది వస్తారు, మాకు తెలుసు. రావద్దని అనం. ఐతే ఆ వందమందికీ ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళల్లో చాలావాటిలో ఒక మంచం వుంది, దాని పక్కన ఒకతె కూచుని వుంది. మా జనాజా దాకా ఆగకండి. ఇవాళ ఇషా నమాజ్ ఐపోయాక హోటల్ దగ్గర చాయ్‌కి ఆగకుండా నేరుగా ఇంటికి పోండి. "నువ్వు పడుకో, ఈ రాత్రి నేను చూస్తా" అనండి.

దాన్ని సాయం అనకండి. ఏళ్ళ తరబడి పేరుకుపోయిన బాకీలో అది మొదటి వాయిదా.